రథమొకటి, మార్గములు రెండు

కఠోపనిషత్తు ప్రథమాధ్యాయ తృతీయవల్లిలో యమధర్మరాజు నచికేతునకు ఉపదేశించిన రథరూపకం సాధకలోకానికి సుపరిచితం. శరీరం రథం, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు అవి సంచరించే మార్గాలు. ఈ రూపకాన్ని వివరించేటప్పుడు రథాన్ని దృష్టాంతమాత్రంగా గ్రహించి, వెంటనే దేహేంద్రియ విచారణలోకి ప్రవేశించడం వ్యాఖ్యాతల పరిపాటి. కాని నిజంగానే ఒక రథాన్ని ఎంచుకోవలసి వచ్చిన గృహస్థునికి ఆ దృష్టాంతమే విచారణావస్తువు అవుతుంది. అటువంటి ఒక గృహస్థుని వృత్తాంతం ఇది.

ఆయన నెల్లూరు సీమకు చెందినవాడు. ఉద్యోగరీత్యా చెన్నపట్టణంలో స్థిరపడ్డాడు. ఇంట్లో మోకాళ్ళ నొప్పులతో బాధపడే తల్లి, ఉద్యోగిని అయిన భార్య, ఐదేళ్ళ కుమార్తె. పాపను బడికి, తల్లిని వైద్యుని వద్దకు, ఏడాదికి రెండుసార్లు అందరినీ తిరుమలకు తీసుకొని వెళ్ళడానికి ఒక కారు అవసరమైంది. ఇది ఆశ్రమధర్మం కోరే వాహనం. ఇక ఆయన హృదయంలో చిరకాలంగా నిలిచిన కోరిక మరొకటి ఉంది. చెన్నై నుంచి బెంగళూరు పోయే రహదారిపై, ఇరుంగాట్టుకోట్టై వద్ద, 1990లో ప్రారంభమైన రేసు ట్రాక్ ఉంది. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. భగవద్రామానుజుల అవతారస్థలమైన శ్రీపెరుంబుదూరు అక్కడికి ఎంతో దూరం లేదు. పోటీదారులు కానివారు కూడా రుసుము చెల్లించి తమ సొంత వాహనాన్ని ఆ బాటపై నడుపుకొనే దినాలను ట్రాక్ డే అంటారు. అటువంటి దినాలు ఏడాదికి రెండు మూడు తన జీవితంలో ఉండాలని ఆయన అభిలాష. రెండు వాహనాలు పోషించే స్తోమత లేదు. కనుక ఒకే రథం రెండు మార్గాలకూ పనికిరావాలి.

కోరిక కలగడం దోషమా? గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో ఆహారవిహారాలను నిషేధించలేదు. అవి మితమై ఉండాలని మాత్రమే నిర్దేశించాడు. అందువల్ల ఈ గృహస్థుని ముందున్న ప్రశ్న కోరికను చంపుకోవడమా, తీర్చుకోవడమా అన్నది కాదు. ఏది ప్రధానం, ఏది అనుబంధం అన్న నిర్ణయమే అసలు ప్రశ్న.

ఆ నిర్ణయాన్ని ఒక్క మాటలో తేల్చినది ఆయన సహధర్మచారిణి. "అత్తయ్య ఎక్కి దిగగలరా, పాప సీటు భద్రంగా అమరుతుందా, మీ ముచ్చట తీరుతుందా అని ఈ వరుసలోనే చూడండి. వరుస మారకుండా ఉంటే మీరు ఏది కొన్నా నాకు సమ్మతమే" అన్నది. షోరూముల్లో వినిపించే గుణవర్ణనల కంటె ఈ వరుస ఆయనకు ఎక్కువగా ఉపకరించింది.

అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఇందుకు తగిన ఘట్టం ఒకటి ఉన్నది. ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భకు చేరవలసి వచ్చినప్పుడు, బాహుకరూపంలో ఉన్న నలుడు అశ్వశాలకు వెళ్ళి కృశించినట్లు కనబడే గుర్రాలను ఎంచుతాడు. రాజు సందేహిస్తాడు. నలుడు వాటి జాతినీ లక్షణాలనూ చూపి, ఆ ప్రయాణానికి అవే సమర్థమైనవని చెప్పి ఒప్పిస్తాడు. దారిలో రాజు ఉత్తరీయం జారిపడగా, ఆపమనేలోపే అది యోజనం వెనుక ఉండిపోతుంది. పుష్టిగా కనబడేది వేరు, ప్రయాణానికి తగినది వేరు అన్న ఈ వివేకమే వాహనాన్ని ఎంచుకొనే వానికి కావలసినది.

ఆయన పరిశీలించిన వాహనాలలో మొదటిది మినీ కూపర్ ఎస్. మలుపుల్లో దాని చురుకుదనం ప్రసిద్ధం. అయితే రెండే తలుపులు. వెనుక సీటులోకి తల్లి వంగి దూరడం అసాధ్యం. వరుసలోని మొదటి ప్రశ్న వద్దనే అది ఆగిపోయింది. రెండవది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245. 2020లో భారతదేశానికి 200 మాత్రమే దిగుమతి అయిన వాహనం. విశాలమైన డిక్కీ, 245 అశ్వశక్తి, రెండు ప్రయోజనాలకూ సహజంగా సరిపోయే నిర్మాణం. కాని దొరికేది ఎవరో వాడి అమ్మేదే. అరుదైన విడిభాగాల ఖర్చు ఇంటి ఆదాయానికి మించినది. మూడవది ఎత్తైన ఎస్‌యూవీ. తల్లి సుఖంగా కూర్చొని లేవగలదు. అయితే గరిమనాభి ఎత్తున ఉండడం వల్ల మలుపులో భారమంతా వెలుపలి చక్రాలపైకి ఒరుగుతుంది. బరువు వల్ల బ్రేకులకూ టైర్లకూ శ్రమ అధికం. నాల్గవది 2022లో వచ్చిన స్కోడా స్లావియా, 1.5 లీటర్ల ఇంజను, ఆరు గేర్ల మాన్యువల్. 150 అశ్వశక్తి, 521 లీటర్ల డిక్కీ, నాలుగు తలుపులు. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకూ పిల్లల రక్షణకూ ఐదేసి నక్షత్రాలు పొందినది. లోపం లేకపోలేదు: వెనుక చక్రాలకు డిస్కులు కాక డ్రమ్ము బ్రేకులు. మూడు ప్రశ్నలకూ వరుసగా సమాధానం చెప్పగలిగినది అదే కావడంతో, ఆ లోపాన్ని తెలిసే అంగీకరించాడు.

బ్రేకుల గురించి అంతగా ఆలోచించడానికి కారణం ఉన్నది. వేగం పెరిగినకొద్దీ గతిశక్తి దాని వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. మనిషితో కలిపి 1300 కిలోల కారు ఊరిలో గంటకు 36 కిలోమీటర్ల వేగం నుంచి నిలిచినప్పుడు బ్రేకులు స్వీకరించే శక్తి 65,000 జౌళ్ళు. అదే కారు ట్రాక్‌పై 144 నుంచి 72కు తగ్గినప్పుడు స్వీకరించేది 7,80,000 జౌళ్ళు, అంటే పన్నెండు రెట్లు. అదీ నిమిషానికి పలుమార్లు. ఆ శక్తి అంతా వేడిగా మారుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం ఉంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల వరకు మరగకుండా నిలవాలి. తేమ చేరిన పిమ్మట ఆ ప్రమాణం 155 డిగ్రీలే. మరిగి ఆవిరి పుట్టినదా, ఆవిరి నొక్కుకుపోతుంది కనుక పెడల్ లోనికి దిగుతుంది, కారు ఆగదు. అందువల్ల అధిక ఉష్ణానికి నిలిచే ఆయిల్, మేలైన బ్రేక్ ప్యాడ్లు వేయించడం మాత్రమే ఆయన చేసిన మార్పు.

చేయని మార్పులు ఇంకా ముఖ్యమైనవి. ట్రాక్‌కు వెళ్ళే మిత్రులు రోల్ కేజ్ అనే ఉక్కు చట్రాన్ని బిగించుకోమన్నారు. హెల్మెట్ ధరించిన వానిని కాపాడే ఆ ఉక్కు, హెల్మెట్ లేని పసిపాప తలకు చిన్న ప్రమాదంలో సైతం ఘాతుకమవుతుంది. అరిగీ అరగని గాడులతో ఎండబాటకు గట్టిగా పట్టు చూపే ప్రత్యేక టైర్లు చెన్నై కార్తీక మార్గశిరాల వానలో నీటిపై తేలిపోతాయి. ఆయన రెంటినీ వద్దన్నాడు. చుట్టుకు కొన్ని క్షణాలు ఆలస్యమవుతుంది. సోమవారం ఉదయం బడి దారిలో భద్రత మిగులుతుంది. మరొక విషయం కూడా ఆయన భార్యకు ముందుగానే వివరించాడు. మన దేశంలో సాధారణ కారు ఇన్సూరెన్స్ వ్యవస్థీకృత పందాలకూ వేగపరీక్షలకూ వర్తించదు. ట్రాక్‌పై వాహనం చెడితే మూల్యం చెల్లించేది కుటుంబమే. ఆ నష్టాన్ని భరించగల సొమ్ము విడిగా లేని ఏడు ట్రాక్‌కు వెళ్ళకూడదని ఇద్దరూ నియమం చేసుకున్నారు.

తల్లికి ఈ వ్యవహారమంతా వింతగా తోచింది. "గుండ్రంగా తిరిగి బయలుదేరిన చోటికే వస్తావు కదా నాయనా, దానికి డబ్బు కట్టడమెందుకు?" అని అడిగింది. సంసారచక్రాన్ని గురించి వేదాంతులు వేసే ప్రశ్న కూడా ఇదే. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఒక ట్రాక్ దినాన ఐదవ చుట్టులో పెడల్ ఎప్పటికంటె అంగుళం లోతుకు దిగింది. కారు ఆగింది, మలుపూ తిరిగింది. ముందున్న మిత్రుని కారు చేరువలో కనబడుతున్నది, కేటాయించిన సమయం సగం మిగిలి ఉన్నది. మరొక్క చుట్టు అనే సంకల్పం పుట్టే స్థానం అదే. ఇంద్రియాశ్వాలు పగ్గాన్ని లాగేదీ, సారథి ఉన్నాడో లేడో తెలిసేదీ అక్కడనే. ఆయన చేయి పైకెత్తి వెనుకవారికి దారి ఇచ్చి, బ్రేకు తాకకుండా ఒక చుట్టు మెల్లగా నడిపి చల్లార్చుకొని, బయటకు వచ్చాడు. కాలిన డ్రమ్ములపై హ్యాండ్ బ్రేకు వేయక, గేరులో ఉంచి నిలిపాడు. ఆ దినం మళ్ళీ లోనికి పోలేదు. మరునాడు మెకానిక్ చేత ప్యాడ్లు, టైర్లు, చక్రాల నట్లు పరీక్షింపజేసి, ఆయిల్ మార్పించిన తరువాతనే పాప సీటును తిరిగి బిగించాడు. ట్రాక్‌పై అరిగినదేదీ సరిచేయకుండా కుటుంబాన్ని ఎక్కించరాదన్నది ఆయన తనకు తాను విధించుకొన్న వ్రతం.

ఆ అనుభవం వ్యర్థం కాలేదు. తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డులో అలిపిరికి నిర్ణీత కాలం కంటె ముందుగా చేరిన వాహనానికి జరిమానా విధిస్తారు. అక్కడ వేగమే అపరాధం. వాలులో ఎడతెగక బ్రేకు తొక్కే వాహనాలనుండి కాలిన వాసన వస్తూ ఉంటుంది. బ్రేకు వేడికి ఏమవుతుందో పాదంతో ఎరిగిన ఆయన, తక్కువ గేరులో ఇంజను పట్టుతోనే కారును దింపుతాడు. ప్రతి మలుపుకూ ముందే వేగం తగ్గిస్తాడు కనుక వెనుక కూర్చొన్న తల్లి కుదుపెరుగక నిద్రపోతుంది. ప్రేయస్సుగా ఆరంభమైన విద్య శ్రేయస్సుకు పరిచారిక కావడం అంటే ఇదే.

శ్రేయఃప్రేయస్సులు రెండూ మనుష్యుని వద్దకు వస్తాయనీ, ధీరుడు వాటిని వేరుచేసి చూస్తాడనీ యముడు ద్వితీయవల్లిలో బోధించాడు. వేరుచేసి చూడటమంటే అన్నివేళలా ఒకదానిని పారవేయడమే అనుకొని, ముచ్చటలను అణచి, అణచలేక రహస్యంగా అనుభవించి, ఇంటికీ తనకూ కలత తెచ్చుకొనే గృహస్థులు ఎందరో. సన్న్యాసికి త్యాగం స్వధర్మం. గృహస్థునికి మాత్రం క్రమమే త్యాగం: వరుసలో మూడవదానిని ఎన్నడూ మొదటిదిగా చేయకపోవడం. ఆ క్రమాన్ని ఎవరూ చూడని ఐదవ చుట్టులో కూడా నిలుపుకొన్న వానికి వాహనం ఏదైనా సారథ్యం సిద్ధించినట్లే.

స్వస్తి.