రెండు సమాధుల మధ్య

ఇంటిపేరంటే తాతముత్తాతలు ఇచ్చిన ఆస్తి. దాన్ని ప్రభుత్వమే లాగేసుకుంటే? ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డునున్న ట్రియెస్టెలో ఒకప్పుడు అదే జరిగింది.

1918 వరకూ ఆ రేవుపట్నం ఆస్ట్రియా చక్రవర్తులది. జనంలో ఎక్కువమంది ఇటాలియన్లు. సుమారు నాలుగోవంతు స్లోవీన్లు. దక్షిణాన ఇస్ట్రియాలో క్రొయేట్లూ ఉండేవారు. స్లోవీన్లు, క్రొయేట్లు ఇద్దరూ స్లావ్ జాతివాళ్లే.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక పట్నం ఇటలీ చేతికొచ్చింది. 1920 జులై 13న ఫాసిస్టు మూకలు స్లోవీన్ల సాంస్కృతిక భవనం 'నారోద్ని దోమ్'కు నిప్పుపెట్టాయి. నాటకశాల, బ్యాంకు, హోటలు ఉన్న ఆ భవనం కాలిపోతుంటే ఏడేళ్లయినా నిండని ఓ పిల్లాడు కళ్లారా చూశాడు. పేరు బోరిస్ పహోర్. తర్వాత ముస్సోలినీ ప్రభుత్వం స్లోవీన్ బడులను మూసేసింది. స్లావ్ ఇంటిపేర్లను ఇటాలియన్‌లోకి మార్చేసింది. పెద్దయ్యాక పహోర్ నాజీ శిబిరాల నరకాన్నీ చూశారు. బతికి బయటపడి, ఆ అనుభవాలను తన స్లోవీన్ భాషలోనే రాశారు.

కథ ఇక్కడితో ఆగితే తప్పెవరిదో తేల్చేయడం తేలికే. కానీ 1945 మే నెలలో టిటో సేనలు పట్నంలోకి వచ్చాయి. ఎంతోమందిని పట్టుకెళ్లాయి. కొందరిని చంపి 'ఫోయిబె' అనే లోతైన సున్నపురాతి బిలాల్లో పడేశాయి. వాళ్లలో ఫాసిస్టులే కాదు, ఏ పాపమూ ఎరగనివాళ్లూ ఉన్నారు. ఆ తర్వాతి ఏళ్లలో ఇస్ట్రియా, డాల్మేషియాల నుంచి రెండు లక్షలమందికి పైగా ఇటాలియన్లు ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లిపోయారు. 1954లో ట్రియెస్టె ఇటలీకి, దాని దక్షిణ ప్రాంతం యుగోస్లావియాకు దక్కాయి. 1975లో కుదిరిన ఒప్పందం ఆ సరిహద్దును ఖరారు చేసింది.

సరిహద్దుకు సంతకం చాలు. మనసులు దగ్గరవడానికే మరో 45 ఏళ్లు పట్టింది!

2020 జులై 13... భవనం తగలబడి సరిగ్గా వందేళ్లు. ట్రియెస్టె శివార్లలోని బజొవిత్సాలో ఇటలీ అధ్యక్షుడు సెర్జియో మతరెల్లా, అప్పటి స్లోవేనియా అధ్యక్షుడు బోరుత్ పహోర్ ఫోయిబె మృతుల స్మారకం ముందు చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. 1930లో ఫాసిస్టులు కాల్చిచంపిన నలుగురు స్లావ్ యువకుల స్మారకం దగ్గరా తలవంచారు. కాలిపోయిన చోటే మళ్లీ కట్టిన 'నారోద్ని దోమ్'ను స్లోవీన్లకు తిరిగి ఇచ్చేందుకు సంతకాలయ్యాయి. ఆనాటి పిల్లాడు బోరిస్ పహోర్‌కు అప్పుడు 106 ఏళ్లు. ఇద్దరు అధ్యక్షులూ ఆయన్ని సత్కరించారు. 2022లో, 108 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

పాత గాయాలున్న చోట ఎవరి ఏడుపు వాళ్లకే పెద్దది. ఎదుటివాళ్ల కన్నీళ్లను ఒప్పుకున్నంత మాత్రాన మన కన్నీళ్ల విలువ తగ్గిపోదు. ఆ మాట ఒప్పుకోవడానికి ట్రియెస్టెకు వందేళ్లు పట్టింది.