బైకాల్‌ను విడిచిన కూతురు

సైబీరియాలోని బైకాల్ సరస్సులోకి మూడు వందలకు పైగా నదులూ వాగులూ వచ్చి కలుస్తాయి. బయటికి వెళ్ళేది మాత్రం ఒక్కటే: అంగారా. అక్కడి జనం దీనికొక కథ చెబుతారు. ముసలి బైకాల్‌కు అంగారా ఒక్కగానొక్క కూతురు. యెనిసెయ్ నదిని వలచి, తండ్రి నిద్రలో ఉండగా ఇల్లు విడిచి పారిపోయింది. మేలుకొన్న తండ్రి ఆగ్రహంతో ఒక పెద్ద బండను ఆమె దారికి అడ్డంగా విసిరాడు. అంగారా మొదలయ్యే చోట నీటిపైన తల ఎత్తి కనిపించే ఆ రాయిని 'షామాన్ శిల' అంటారు. రాయి అక్కడే ఉండిపోయింది, కూతురు వెళ్ళిపోయింది.

నది వెంట సుమారు 70 కిలోమీటర్లు దిగువకు వస్తే ఇర్కుట్స్క్ నగరం. 1661లో ఒక కోటగా వెలసిన ఈ ఊరిలో, చెక్కడపు కిటికీలు గల పాత కొయ్య ఇళ్ళు ఇంకా నిలిచి ఉన్నాయి. ఇక్కడినుంచి రైలు పడమరగా తైషెత్ చేరి, అక్కడ ప్రధాన మార్గాన్ని వదలి ఈశాన్యానికి మళ్ళుతుంది. దట్టమైన అడవులను దాటి, ఒక ఆనకట్ట శిరస్సు మీదుగా అంగారాను దాటుతుంది. అదే బ్రాత్స్క్ ఆనకట్ట. ఎత్తు దాదాపు 125 మీటర్లు. 1954లో ఆరంభమైన ఈ నిర్మాణం మూలంగా పాత ఊరు, ఎన్నో పల్లెలు నీట మునిగాయి. ఆ ప్రాంతపు బుర్యాత్ ప్రజలను రష్యన్లు పిలిచిన పేరే ఊరికి వచ్చింది. అయినా రష్యన్ భాషలో 'బ్రాత్' అంటే సోదరుడు; మన 'భ్రాతృ' శబ్దానికి దగ్గరి చుట్టం.

బంధుత్వాన్ని స్ఫురింపజేసే ఈ ఊరిలో 1992 ఫిబ్రవరి 29న ఒక ఆడశిశువు జన్మించింది. సోవియట్ యూనియన్ అంతరించి అప్పటికి రెండు నెలలే. తల్లికి 16 ఏళ్ళు, తండ్రికి 17. ఇంకా వివాహం కాలేదు. బిడ్డ కాళ్ళలో ఫిబ్యులా ఎముకలు లేవు. చీలమండలు, మడమలు ఏర్పడలేదు. అంగవైకల్యంతో పుట్టిన శిశువులను ప్రభుత్వ సంరక్షణకు వదలివేయమని వైద్యులే సలహా చెప్పడం ఆ దేశంలో పరిపాటిగా ఉన్న రోజులవి. తత్యానా అనే ఆ శిశువు అనాథాశ్రమానికి చేరింది.

పదమూడు నెలల వయస్సులో అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన దంపతులు ఆమెను దత్తత తీసుకున్నారు. జెస్సికా లాంగ్ అని పేరు పెట్టారు. తత్యానా అన్న పేరును నడుమ నిలిపారు. కృత్రిమ పాదాలతో నడవగలిగేందుకు, పద్దెనిమిదో నెలలో మోకాళ్ళ దిగువన రెండు కాళ్ళనూ తొలగించవలసి వచ్చింది. తరువాత అనేక శస్త్రచికిత్సలు జరిగాయి. నేలమీద అడుగడుగునా అడ్డు తగిలిన శరీరం నీటిలో స్వేచ్ఛ పొందింది. 2004లో ఏథెన్స్ పారాలింపిక్ క్రీడల్లో, పన్నెండేళ్ళ ప్రాయంలోనే, మూడు స్వర్ణపతకాలు గెలుచుకుంది.

పతకాలు పెరిగినా ఒక ప్రశ్న తీరలేదు. తనను ఎందుకు వదులుకున్నారు? ఆ కోపమే తనను కొలనులో ముందుకు తోసిందని ఆమె తరువాత చెప్పుకుంది. 2012 లండన్ క్రీడల తరువాత రష్యన్ పాత్రికేయులు కన్నవారి ఆచూకీ తీశారు. వారు ఆ తరువాత పెళ్ళి చేసుకొని, ఇతర బిడ్డలతో సంసారం సాగిస్తున్నారు. భయపడ్డాననీ, బిడ్డను తిరిగి తెచ్చుకోవాలని అనుకున్నాననీ తల్లి టెలివిజన్‌లో కన్నీళ్ళతో చెప్పింది. ఇంతలో 2013 జనవరి 1 నుంచి అమెరికన్లు రష్యన్ బిడ్డలను దత్తత తీసుకోవడాన్ని అక్కడి చట్టం నిషేధించింది. ఆమె వెళ్ళిన దారి వెనుక మూసుకుపోయింది.

ఆ ఏడాది డిసెంబరులో, 21 ఏళ్ళ జెస్సికా చెల్లెలిని తోడు తీసుకొని సైబీరియాకు ప్రయాణమైంది. పాదరసం సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువకు జారడం అక్కడ ఆ నెలలో మామూలే. మంచు మీద కృత్రిమ పాదాలతో నడచి ఆమె కన్నవారిని కలుసుకుంది. తల్లికి ఇంగ్లీషు రాదు, బిడ్డకు రష్యన్ రాదు. మాటలను దుబాసీ చేరవేశాడు. కౌగిలికి మాత్రం దుబాసీ అవసరం కాలేదు. కోపం లేదని చెప్పడానికే ఆమె అంత దూరం వెళ్ళింది. ఈ యాత్ర 2014 ఫిబ్రవరిలో, సోచీ శీతాకాల ఒలింపిక్స్ సమయాన, అమెరికన్ టెలివిజన్‌లో చిత్రంగా ప్రసారమైంది.

ఆమె మళ్ళీ బాల్టిమోర్‌కే వెళ్ళింది. పెంచిన తల్లి అక్కడ ఉంది, ఈదవలసిన కొలను ఉంది. 2024 పారిస్ క్రీడలు ముగిసేసరికి ఆమె పారాలింపిక్ పతకాలు 31. అందులో స్వర్ణాలు 18.

జనవరిలో బైకాల్ పూర్తిగా గడ్డకడుతుంది. మందమైన ఆ మంచు మీద బండ్లు సైతం నడుస్తాయి. షామాన్ శిల దగ్గర, అంగారా తండ్రిని విడిచిపోయిన చోట మాత్రం, నీరు ఎంతటి చలిలోనూ గడ్డకట్టదు. వేలకొద్దీ అడవి బాతులు శీతకాలమంతా అక్కడే గడుపుతాయి.