మా బాపమ్మ చదివిన యుత్తరము

బాసరకు మీలో పెక్కండ్రు వచ్చియే యుందురు. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, పలకపై అక్షరములు దిద్దించి, అమ్మవారి పసుపైన బండారను ప్రసాదముగా గైకొని, సంతోషముతో మరలి యుందురు. ఆ జ్ఞానసరస్వతీదేవి గుడికి కూతవేటు దూరమున జీవితమంతయు కాపురముండి, లోకుల బిడ్డలెందరో అక్షరములు దిద్దుచుండగా చూచి, తాను మాత్రము అరువదియేండ్ల వరకు అక్షరమెరుగని యొక స్త్రీని గూర్చి మీకు చెప్పదలచితిని. ఆమె మా బాపమ్మ, మా తండ్రిగారి తల్లి.

ఆమెకు తాను పుట్టిన సంవత్సరము తెలియదు. పండ్రెండేండ్ల కొకమారు వచ్చు గోదావరీ పుష్కరములే ఆమెకు పంచాంగము. మొదటి పుష్కరమునకు తల్లి చంకనెక్కి పోయెనట. 2015వ సంవత్సరమున వచ్చినది ఆమె చూచిన యెనిమిదవది. ఆమె బాల్యము నిజాము రాజ్యములో గడచినది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లోనే వెలసినను, ఆ వెలుగు మా పల్లెల ఆడుపిల్లల గడపకు చేరలేదు. 1951వ సంవత్సరపు జనాభా లెక్కలలో దేశమంతటను నూర్గురు స్త్రీలలో చదువనేర్చినవారు సుమారు 9 మంది మాత్రమే. మా బాపమ్మ తక్కినవారిలోనిది.

చదువు లేదని ఆమె సంసారమెన్నడును కుంటుపడలేదు. పాల లెక్క వంటయింటి గోడపై బొగ్గుగీతలుగా నుండెడిది. కూలివారి దినములు కొంగుముడులుగా నుండెడివి. ఒక్క యుత్తరములు మాత్రమే ఆమెకు లొంగలేదు. వానిని చదివి వినిపించుట, నేను మూడవ తరగతికి వచ్చిన నాటినుండి, నా పని యాయెను. నేను చదువుచుండగా ఆమె కన్నులు మూసికొని వినెడిది.

మా చిన్నత్తను కామారెడ్డి చేరువనున్న యొక పల్లెకిచ్చిరి. నాకు పదునొకండేండ్ల వయసున, ఒకనాడు ఆమెయొద్దనుండి కార్డు వచ్చెను. బాపమ్మ అప్పుడు జ్వరముతో మంచముననుండెను. కార్డును ముందుగా చూచిన మా నాయన నన్ను చాటునకు పిలిచి, రెండవ వరుసపై వ్రేలుంచి, “ఇది చదువకు బిడ్డా, అమ్మకు నెమ్మదించినంక నేనే చెప్పెద” ననెను. ఆ వరుసలో నున్నది నాలుగు మాటలు: “అమ్మా, నన్ను వచ్చి తోలుకపో.”

నేను మొదటి వరుస చదివి, మూడవ వరుసకు పోతిని. బాపమ్మ, “మంచిగున్నదట, అంతే చాలు” అని నిట్టూర్చి ఆవలికి తిరిగి పండుకొనెను. జ్వరము తగ్గెను. ఇంతలో నాట్లు వచ్చెను. నాయన చెప్పుట నేటికి రేపనుచు వాయిదా పడెను.

బతుకమ్మ పండుగ వచ్చెను. ఆడుబిడ్డలందరును పుట్టిండ్లకు వచ్చిరి. మా అత్త రాలేదు. సద్దుల బతుకమ్మనాటి రాత్రి బాపమ్మ గడపలో కూర్చుండి వాకిలివంక చూచుచుండగా, నా మనసు నిలువలేదు. పోయి నిజము చెప్పివేసితిని. ఆమె నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చాలసేపటికి, “కండ్లు నీయి, చెవులు నాయి. నీ కండ్లే దాపెడితే నా చెవులేం జెయ్యాలె, బిడ్డా?” అని మాత్రమనెను. ఆ మాట యిన్నేండ్లకును నా గుండెలో ముల్లువలె నున్నది.

మరునాడు తెల్లవారకమున్నే నన్ను వెంటబెట్టుకొని ఆమె రైలెక్కెను. గోదావరి వంతెనపై పైసబిళ్లను నీటిలో వేసి మ్రొక్కెను. అత్తవారింట నెవ్వరితోను వాదు పెట్టుకొనలేదు. “నా బిడ్డను తీసుకపోను వచ్చిన” నని చెప్పి, మాయత్త చేయి పట్టుకొని లేపెను. ఆ మనిషి చిక్కి సగమై యుండెను. సాయంకాలపు బండికి ముగ్గురము బాసర చేరితిమి. ఆమె మరల అక్కడికి పోలేదు. మా యింటనే యుండి పదవ తరగతి ముగించి, పిమ్మట అంగన్‌వాడీలో పని సంపాదించుకొనెను.

జాతీయ అక్షరాస్యతా ఉద్యమము 1988లో ఆరంభమైనది. పెద్దలకు రాత్రిబడులన్న మాట మా యూరను వినవచ్చినప్పుడు బాపమ్మ నన్ను పిలిచి, “నాకు సదువు చెప్పు” మనెను. గుడిలో అక్షరాభ్యాసము చేయింతమంటిని. “పసిపోరల నడుమ నాకు సిగ్గు” అని గోదావరి యొడ్డునకు నడచెను. వ్యాసమహర్షి దినమునకు మూడు పిడికిళ్ల యిసుక తెచ్చి అమ్మవార్లను నిలిపెనని మా యూరి స్థలపురాణము. ఆ యిసుకలోనే మా బాపమ్మ వ్రేలితో ‘అ’ వ్రాసెను. దున్నుటకును దంచుటకును వంగిన వ్రేళ్లు గుండ్రని అక్షరములకు వంగనొల్లకుండెను. రెండేండ్లు పట్టినది.

1991వ సంవత్సరపు పుష్కరములనాడు, స్నానము చేసి వచ్చి, ఆమె తన రేకుపెట్టె తెరచి యొక పాతకార్డు తీసెను. అది మా అత్త వ్రాసినది. గడపలో కూర్చుండి, ఒక్కొక్క యక్షరమును కూడబలుకుకొనుచు చదివెను. రెండవ వరుసకు వచ్చి ఆగెను. దానిపై వ్రేలుంచి, నా వంక చూచి, మరల మొదటినుండి చదివెను. ఆ దినమునుండి నా యపరాధమును గూర్చి మా యిరువురి నడుమ మాట రాలేదు.

కడపటి యేండ్లలో ఆమె కన్నులకు పొరలు గ్రమ్మెను. మరల నేను చదువుట, ఆమె వినుట. ప్రతిమారును, “వరుసలన్ని చదివితివా?” అని నవ్వుచు నడిగెడిది. ఒకనాడు వైద్యుల కాగితము వచ్చెను. ఇంటిలోని వారు, “ముసలిప్రాణము, బెదరును, చెప్పవల”దనిరి. నేను మంచము చెంత కూర్చుండి, వ్యాధి పేరునుండి, ఇక నయము కాదన్న కడపటి మాటవరకు, ఒక్కటియు విడువక తెలుగున చెప్పితిని. నా గొంతు వణకెను. ఆమె నా చేయి నిమిరి, “ఇప్పుడు మంచిగ చదివితివి బిడ్డా” అనెను. మరునాడే కోడండ్రను, మనుమరాండ్రను పిలిపించి, ఎవరి కేమి యీయవలయునో చెప్పి, ఒకమారు గోదావరిని చూపింపుడని యడిగెను. ఆ నెలలోనే వెళ్లిపోయెను. తొమ్మిదవ పుష్కరము 2027వ యేటిది. దాని కామె నిలువలేదు.

సోదరీమణులారా! మీ యిండ్లలోను కన్నులు మందగించిన పెద్దలుందురు. వారి కుత్తరముగాని, వైద్యుని కాగితముగాని చదివి వినిపించునప్పుడు, ప్రేమచేత నైనను ఒక వరుసను దాటవేయకుడు. ఆ వరుస వారిది.