మన కంటికి నచ్చినట్టు!

పేపరు చదవడంలో ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. ఒకరు మొదటి పేజీతో మొదలుపెడితే, ఇంకొకరు నేరుగా ఆటల పేజీకి వెళ్లిపోతారు. తాతగారైతే పేపరును నాలుగు మడతలు పెట్టి, కావలసిన వార్త మాత్రమే పైకి కనపడేలా పట్టుకుంటారు. అక్షరం ఆనకపోతే భూతద్దం తెచ్చుకుంటారు. ఇలాగే చదవాలని పేపరు ఎవర్నీ బలవంతపెట్టదు.

మరి కంప్యూటర్లో చదివే పేజీ? అక్షరాలు చీమ తలకాయంత ఉన్నా, తెల్లటి వెలుగు కళ్లలో గుచ్చుకుంటున్నా, పక్కన బొమ్మలు గంతులేస్తున్నా భరించాల్సిందే అనుకుంటాం. నిజానికి అక్కర్లేదు! వెబ్ పేజీని కూడా మనకు కావలసినట్టు మడతపెట్టుకునే ఉపాయం ఒకటి ఇరవై ఏళ్లుగా ఉంది. దాని పేరు యూజర్ స్క్రిప్టు.

ఓ మెకానిక్కు పుట్టాడు

ఆల్‌మ్యూజిక్ అని సంగీతం వివరాలు చెప్పే సైటు ఒకటుంది. దాని రూపాన్ని సరిచేయడానికి ఏడ్రియన్ హోలొవాటీ అనే ప్రోగ్రామరు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ రాశాడు. అది ఆరన్ బూడ్‌మన్ అనే మరో ప్రోగ్రామరు కంట్లో పడింది. ఒక్క సైటుకే ఎందుకు, ఏ సైటునైనా ఎవరికి వారు మరమ్మతు చేసుకునే పనిముట్టు ఉంటే బాగుంటుంది కదా అన్న ఆలోచన అలా వచ్చింది. 2005లో అది గ్రీజ్‌మంకీ పేరుతో జనంలోకి వచ్చింది. షెడ్డులో చేతులకు గ్రీజు పూసుకుని పనిచేసే మెకానిక్కును ఇంగ్లిషువాళ్లు వాడుకలో అలా పిలుస్తారు. ఆ తర్వాత టాంపర్‌మంకీ లాంటివి వచ్చి, ఇతర బ్రౌజర్లలోనూ అదే పని చేస్తున్నాయి.

ఇంతకీ ఇది ఎలా సాధ్యం? సైటు తెరవగానే మనకు వచ్చేది తయారైన బొమ్మ కాదు. 'ఇక్కడ శీర్షిక, ఇక్కడ ఫొటో, ఇక్కడ ఈ రంగు' అని చెప్పే రాత. దాన్ని చదివి తెరమీద పేజీని కట్టేది మన కంప్యూటర్లోని బ్రౌజరే. దినుసులు, వండే విధానం వాళ్లవి. వంట మాత్రం మన పొయ్యి మీదే! కాబట్టి దించేముందు ఉప్పూకారం సరిచూసుకునే అవకాశం మనకుంది.

యూజర్ స్క్రిప్టు చేసేది సరిగ్గా అదే. జావాస్క్రిప్టులో రాసిన పది ఇరవై వాక్యాలు చాలు. ఫలానా సైటు తెరిచినప్పుడే పనిచేయాలని మొదట్లోనే ఒక ఆదేశం ఉంటుంది. తర్వాత అసలు పని... అక్షరాలు పెంచు, నేపథ్యం నలుపు చెయ్యి, కుడిపక్క పెట్టె దాచెయ్యి. ఈ మార్పంతా మన తెరమీదే. అదే సైటు పక్కింటివాళ్లకు ఎప్పటిలాగే కనపడుతుంది. కేవలం రంగులు, సైజులు మార్చుకోవడానికైతే ఇంత కూడా అక్కర్లేదు, యూజర్ స్టైలు అనే ఇంకా తేలికైన పద్ధతి ఉంది.

వత్తులకు ఊపిరి

తెలుగు చదివేవారికి ఈ అవసరం మరికాస్త ఎక్కువ. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని చూడండి. పైన గుడిదీర్ఘం, కింద త వత్తు, దానికి తోడు ర వత్తు! ఇంగ్లిషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని వరసల మధ్య దూరం నిర్ణయించిన పేజీలో ఇలాంటి అక్షరాలు ఇరుక్కుపోతాయి. ఒక్కోసారి వత్తు కాళ్లు తెగిపోతాయి. వరస ఎత్తు పెంచమని చెప్పే ఒకే ఒక్క వాక్యం రాసుకుంటే చాలు, పేజీ అంతా తేటపడుతుంది.

2000 తర్వాత తొలి సంవత్సరాల్లో బాధ ఇంకా పెద్దది. చాలా తెలుగు పత్రికల సైట్లు అప్పట్లో యూనికోడ్‌లో ఉండేవి కావు. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే వార్తకు బదులు పిచ్చి గుర్తులు కనపడేవి. ఆ రోజుల్లో ఫైర్‌ఫాక్స్‌కు 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ వచ్చింది. ఆ పేజీలను అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. పత్రికలు మారేదాకా ఆగకుండా, చదివేవాళ్లే దారి వెతుక్కున్నారన్నమాట.

చివరి మాట ఎవరిది?

పేజీ తయారుచేసినవాడు ఒకలా కనపడాలంటాడు. చదివేవాడు మరోలా కావాలంటాడు. ఇద్దరూ పట్టుబడితే నెగ్గేదెవరు? ఈ పేచీ కొత్తది కాదు. వెబ్ పేజీల రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ నియమాలు 1996లో వెలువడ్డాయి. ఇద్దరూ తమ మాటే ముఖ్యమని గుర్తు పెడితే, తయారుచేసినవాడిదే పైచేయి అని అందులో రాశారు. 1998లో రెండో కూర్పు వచ్చేసరికి దాన్ని తిరగేశారు. చదివేవాడి మాటే చెల్లుతుందన్నారు. కారణం? పెద్ద అక్షరాలు, ప్రత్యేకమైన రంగులు ఉంటే తప్ప చదవలేనివారు ఉంటారు. వాళ్లకిది సోకు కాదు, చూపు.

రెండో వైపు కూడా చూడాలి. ప్రకటనలన్నీ చెరిపేసే స్క్రిప్టులూ ఉన్నాయి. పేజీ శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ ఎన్నో సైట్లకు ఆ ప్రకటనలే అన్నం పెడుతున్నాయి. కళ్లకు ఇబ్బంది కలిగించే దాన్ని సరిచేసుకోవడం వేరు, ఎదుటివాడి జీతాన్ని చెరిపేయడం వేరు. ఆ గీత ఎక్కడ గీసుకోవాలన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

ఇంకో జాగ్రత్త అంతకంటే ముఖ్యం. తెరమీద మనం చూసేదంతా స్క్రిప్టూ చూడగలదు. 2005 జులైలో గ్రీజ్‌మంకీలోనే ఒక పెద్ద లోపం బయటపడితే హడావుడిగా సరిచేయాల్సి వచ్చింది. సైట్ల రూపం మార్చే 'స్టైలిష్' అనే ఎక్స్‌టెన్షన్, చేతులు మారాక, వాడేవాళ్లు ఏయే పేజీలు చూస్తున్నారో సేకరిస్తోందని 2018లో తేలింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అప్పుడు దాన్ని తొలగించాయి. అందుకే ఎవరో రాసింది దింపుకునేముందు అది ఏయే సైట్లలో పనిచేస్తుందో మొదటి వరసల్లో చూసుకోవాలి. 'అన్ని సైట్లలో' అని ఉంటే ఆలోచించాలి. బ్యాంకు పేజీల దరిదాపులకు ఇలాంటివేవీ రానివ్వకూడదు.

సైటువాళ్లు పేజీ కట్టుబడి మార్చిన రోజున స్క్రిప్టు పనిచేయడం మానేయవచ్చు. మళ్లీ సరిచేసుకోవాలి. పాత ఇంటికి ఏటేటా సున్నం వేసినట్టే ఇదీ.

సెలవులకు ఇంటికొచ్చే పిల్లలు అమ్మానాన్నలకు కొత్త ఫోను తెస్తారు, టీవీ బిగిస్తారు. కంప్యూటర్లో నాన్న రోజూ చదివే సైటు ఏదో అడిగి, పక్కన కూర్చుని, 'ఇప్పుడు వత్తు కనపడుతోందా?' అని అడుగుతూ నాలుగు వాక్యాలు రాసిపెడితే పావుగంట పట్టదు. ఆ తర్వాత ఆయన చదువుకుంటారు... ఎవర్నీ చదివిపెట్టమని అడగకుండా!