అమ్మ చెప్పింది కదా అని...

మీ పిల్లల్లో ఎవరికి ఆటలమ్మ పోసిందో, ఎవరికి పోయలేదో మీకు కచ్చితంగా గుర్తుందా? నాకు గుర్తుందనే అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

మా రెండో అమ్మాయి నర్సింగు చదువుతోంది. కాలేజీలో చేర్చినప్పుడు దరఖాస్తులో ఆటలమ్మ సంగతి అడిగితే, "చిన్నప్పుడే పోసింది" అని నేనే రాయించాను. తీరా పోసింది పెద్దదానికి! గుమ్మానికి వేపమండలు కట్టిందీ, పోపు పెట్టకుండా చప్పిడి కూరలు వండిందీ గుర్తుంది గానీ, ఎవరి కోసమో కలగాపులగమైపోయింది.

రెండో ఏడాది దానికి కాన్పుల వార్డులో డ్యూటీ వేశారు. ఒకరోజు సాయంత్రం జ్వరంతో ఇంటికొచ్చింది. తెల్లారేసరికి ఒంటినిండా నీటిపొక్కులు. "ఏం కాదులేవే, అమ్మవారు చల్లగా చూసి వెళ్తుంది" అన్నాను. అది ఏడుపు లంకించుకుంది.

"నా గురించి కాదమ్మా. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే ఇది అంటుకుంటుంది. నిన్నంతా గర్భిణుల పక్కనే ఉన్నాను" అంది.

సరిగ్గా కాన్పు రోజుల్లో తల్లికి సోకితే పసికందు ప్రాణం మీదికి రావచ్చట. నాకు నోట మాట రాలేదు. వెంటనే వార్డుకు ఫోను చేసి చెప్పింది. మూడు వారాలు బిక్కుబిక్కుమంటూ గడిపాం. దేవుడి దయ, ఎవరికీ సోకలేదు.

"దీనికి టీకా ఉందని మీకు పాఠాల్లో చెప్పలేదుటే?" అనడిగాను.

"చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. నాకు అక్కర్లేదనుకున్నాను. నువ్వు పోసిందన్నావుగా!" అంది. ఏం జవాబు చెప్పను?

జపాన్ డాక్టరు మిచియాకి తకహాషి, తన కొడుకు ఈ జబ్బుతో పడ్డ బాధ చూసి, 1974లో ఈ టీకా తయారుచేశారట. మన ప్రభుత్వం దేశమంతటా ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, డబ్బిచ్చి వేయించుకోవాల్సిందే. 13 ఏళ్లు దాటినవాళ్లకు 4 నుంచి 8 వారాల తేడాతో రెండు డోసులు వేస్తారు. గర్భవతులు మాత్రం వేయించుకోకూడదు. పెద్దయ్యాక పోస్తే ఊపిరితిత్తులకు ముప్పు ఎక్కువ కాబట్టి, ఆ ఖర్చుకు వెనకాడకండి.

నర్సింగో, డాక్టరీయో, మీ పిల్లలు ఆస్పత్రి చదువులకు వెళ్తుంటే తెల్లకోటు తొడగకముందే ఈ సంగతి తేల్చుకోండి. గుర్తులేకపోతే రక్తపరీక్ష ఉంది. అనుమానం ఉంటే "తెలియదు" అనే రాయించండి. నాలాగా ధీమాగా "పోసింది" అనెయ్యకండేం!