అత్తయ్య కన్నీళ్ళు

కళ్ళు ఎండిపోతే నీళ్ళు కారతాయంటే నమ్ముతారా? మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

పోయిన ఏడాదంతా మా అత్తయ్యగారు చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉన్నారు. టీవీ చూస్తున్నా, చిక్కుళ్ళు తుంచుతున్నా అదే వరస. చూసేవాళ్ళు ఊరుకుంటారా? పక్కింటావిడ ఆవిణ్ణి జాలిగా, నన్ను అనుమానంగా చూడటం మొదలెట్టింది. ఆడపడుచు ఫోన్ చేసి, "అమ్మని ఎవరైనా ఏమైనా అన్నారా వదినా?" అని మెల్లిగా అడిగింది. "ఏం లేదే, కంట్లో ఇసక పడ్డట్టు గరగరలాడుతోంది, అంతే" అని అత్తయ్య ఎంత చెప్పినా, కోడల్ని వెనకేసుకొస్తున్నారనే అనుకున్నారు.

నందివర్ధనం పూలు కళ్ళమీద పెట్టుకుంటే చల్లగా ఉండేది గానీ, తీయగానే మామూలే. మావారు మందుల షాపులో అడిగి ఒక చుక్కల సీసా తెచ్చారు. డాక్టరుకి చూపించకుండా వేయొద్దని దాన్ని పక్కన పెట్టించాను. తీరా అందులో స్టెరాయిడ్ ఉందట. డాక్టరు చూడకుండా రోజుల తరబడి వాడితే కంట్లో ప్రెషర్ పెరిగి చూపుకే ముప్పు రావచ్చట.

డాక్టరమ్మ కంట్లో పసుపు రంగు చుక్క వేసి, నీలం లైటు పెట్టి, రెప్ప వాల్చకుండా చూడమన్నారు. కన్నీటి పొర కనీసం 10 సెకన్లు చెదరకుండా ఉండాలట. అత్తయ్యది 4 సెకన్లకే చెదిరిపోయింది.

కన్నీళ్ళంటే ఒట్టి నీళ్ళు కాదుటండీ. అడుగున జిగురు, మధ్యన నీళ్ళు, పైన పల్చటి నూనె ఉంటాయి. ఆవకాయ జాడీలో పైన నూనె తేలకపోతే ముక్క ఎండిపోతుంది చూడండి, ఇదీ అంతే. రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు మూసుకుపోతే కన్ను ఎండి మండుతుంది. ఆ మంటకి ఉల్లిపాయ తరిగినప్పటిలాగే బొటబొటా నీళ్ళు కారతాయి. అవి కంటిని పట్టుకుని ఉండవు, చెంపల మీదకి జారిపోతాయి. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళలో ఇది ఎక్కువట. మొహానికి సూటిగా తగిలే ఫ్యాను గాలి, జలుబు మాత్రలు, రెప్ప వాల్చకుండా ఫోన్ చూడటం దీన్ని ఇంకా పెంచుతాయి.

ఆవిడకి 0.5 శాతం కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ చుక్కలు రోజుకి 4 సార్లు రాశారు. వాటినే కృత్రిమ కన్నీళ్ళు అంటారు. "ఏడిచే కళ్ళకి దొంగ కన్నీళ్ళు మందా!" అని మామయ్యగారు ఒకటే నవ్వు. వాటితోపాటు గోరువెచ్చటి గుడ్డతో రెప్పలమీద కాపడం కూడా పెట్టమన్నారు.

ఆవిడ చేతులు వణుకుతాయి కాబట్టి చుక్కలు నేనే వేస్తాను. చేతులు కడుక్కుని, కింది రెప్ప కొంచెం లాగి, సీసా మూతి కంటికి తగలకుండా ఒక్క చుక్క చాలు. రెండోది వేసినా బయటికి పోవడమే. తర్వాత రెండు నిమిషాలు కళ్ళు మూసుకోవాలి. ఇంకో మందు కూడా ఉంటే మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగాలి. మా సీసా మీద తెరిచిన నెలకి పారేయమని ఉంది, అందుకే తెరిచిన తేదీ పెన్నుతో రాసి పెడతాను.

ఆ రెండు నిమిషాల్లో అత్తయ్య మాట్లాడతారు. చిన్నప్పుడే పోయిన చెల్లెలు ఉందని, ఇద్దరూ ఒకే పరికిణీ మార్చి మార్చి కట్టుకునేవారని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆరోజు చెంప మీదకి జారిన చుక్కని తుడవబోతే, "అది నీ మందు కాదులే, ఉండనీ" అన్నారు.

నెలన్నరకి గరగర చాలా తగ్గింది. అయితే చుక్కలు మానేస్తే మళ్ళీ మొదలవుతోంది, కాబట్టి మానలేదు. మీలో ఎవరైనా రోజుకి నాలుగుసార్లకి మించి వేసుకోవాల్సి వస్తే, ప్రిజర్వేటివ్ లేనివి ఇమ్మని డాక్టర్ని అడగండి. కళ్ళతోపాటు నోరు కూడా ఎండిపోతూ కీళ్ళనొప్పులుంటే ఆ మాట కూడా తప్పక చెప్పండి. కన్ను నొప్పెట్టినా, చూపు మసకబారినా ఇంట్లో పనులయ్యాక చూద్దాంలే అనుకోకండి. మన పనులు ఎప్పటికీ అవ్వవు.