స్తంభాల కోసం వెళ్లి...

నాలుగు టేకు స్తంభాలు. ఎత్తు పదడుగులు. పైన పువ్వు చెక్కి ఉండాలి. పుచ్చు, పగులు ఉండకూడదు. పాతవే కావాలి, కొత్తగా చెక్కించినవి వద్దు.

సంక్రాంతి వెళ్లిన వారానికి ఈ చీటీ బ్యాగులో పెట్టుకుని కారైక్కుడి బయల్దేరాను. తమిళనాడులో శివగంగ జిల్లాలో ఉందా ఊరు. చెన్నై నుంచి పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. మధురై నుంచైనా, తిరుచ్చి నుంచైనా కారులో రెండు గంటల లోపే. అందరూ అక్కడికి చెట్టినాడు కోడికూర తినడానికో, పిళ్లయార్‌పట్టి వినాయకుణ్ని చూడటానికో వెళతారు. నేను వెళ్లింది పాత సామాన్ల బజారుకి.

ఇంటీరియర్ డిజైనర్‌నంటే చాలామంది, ‘కర్టెన్ల రంగులు చెబుతారు కదూ’ అంటారు. నా రోజు ఏడింటికి కార్పెంటర్ ఫోన్‌తో మొదలవుతుంది. ‘మేడమ్, మైకా షేడు తేడా వచ్చింది’ అని. పదింటికి కొండాపూర్‌లో ఓ ఫ్లాటు. కోడలు గోడ కొట్టేసి ఓపెన్ కిచెన్ పెట్టించమంటుంది. ‘మరి నా పోపు వాసన సోఫాలకి పట్టదా అమ్మా?’ అంటారు అత్తగారు. ఇద్దరిదీ న్యాయమే! మధ్యాహ్నం వాస్తు సిద్ధాంతిగారు స్టవ్వు రెండడుగులు జరపమంటారు, అప్పటికి గ్రానైట్ కోసేసి ఉంటుంది. సాయంత్రానికి ఫాల్స్ సీలింగ్ కుర్రాళ్లు ఫ్యాను కొక్కేన్ని కూడా కలిపి మూసేస్తారు. రాత్రి పదకొండుకి కొటేషన్లు. ఇరవై ఏళ్లుగా ఇదే వరస.

‘మీకు ఐడియాలు ఎక్కణ్నుంచి వస్తాయండీ?’ అని ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. ఫోన్లో నాలుగు ఫొటోలు చూపించి తప్పించుకుంటాను. అసలు జవాబు వేరే. కోనసీమలో మా నాయనమ్మ ఉన్న మండువా లోగిలి అది. ఆ ఇంట్లో కిటికీలు కిందికి ఉండేవి. చాప మీద పడుకున్న మనిషికి గాలి తగలాలన్న లెక్కతో పెట్టినవి. అరుగు ఎత్తు సరిగ్గా కాళ్లు ఆన్చి కూర్చునేంత. గుమ్మానికి పక్కన దీపం గూడు, గాలి కొట్టినా ఆరకుండా లోపలికి. అపార్ట్‌మెంట్లలో నేను కిందికి దించి పెట్టించే బే విండోలు, తలుపు పక్కన తాళాలు పెట్టుకునే గూళ్లు... అందరూ మెచ్చుకునేవన్నీ అక్కడివే. ఆ సంగతి ఎవరికీ చెప్పను. చెబితే ఫీజు తగ్గించమంటారేమో!

బయల్దేరే ముందు రోజు బాబాయి ఫోన్ చేశారు.

‘‘పాత కలప వ్యాపారి వచ్చి ఇల్లు చూసి వెళ్లాడమ్మా. పెంకు దింపి, దూలాలూ స్తంభాలూ తలుపులూ విప్పుకుపోతాడట. స్థలం తర్వాత తీరిగ్గా అమ్ముకోవచ్చు. మీ అన్నయ్య అమెరికా నుంచి సరేనన్నాడు. పెదనాన్న పిల్లలూ ఒప్పుకున్నారు. ఇక నీ మాటే మిగిలింది.’’

‘‘ఊరెళుతున్నాను బాబాయ్, వచ్చి చెబుతా’’ అన్నాను. ఏ పని మీద వెళుతున్నానో మాత్రం చెప్పలేదు.

వీధి నుంచి వీధికి ఒకటే ఇల్లు

చెట్టినాడంటే ఒక ఊరు కాదు. శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల్లో పరుచుకున్న డెబ్బైకి పైగా ఊళ్ల కలయిక. నగరత్తార్లనే వర్తకులవి. 19వ శతాబ్దంలో వీళ్లు బర్మా, సిలోన్, మలయా వెళ్లి వడ్డీ వ్యాపారం చేశారు. అక్కడ గడించింది తెచ్చి సొంతూళ్లలో ఇళ్లు కట్టారు. టేకు బర్మాది, పాలరాయి ఇటలీది, అద్దాలు బెల్జియంవి.

మన గోదావరి జిల్లాల వాళ్లకి ఈ బర్మా కథ కొత్తేం కాదు. కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి మనవాళ్లు వేలమంది ‘రంగం’ పోయారు. రంగూన్‌కి మన పెద్దవాళ్ల నోట్లో పేరది. చెట్టియార్లు అప్పులివ్వడానికి వెళితే, మనవాళ్లు చాలామంది కూలికి వెళ్లారు. అదే తేడా. మా ఇంటి దూలాలు కూడా రంగం టేకేనని తాతయ్య గొప్పగా చెప్పేవారు.

మర్నాడు పొద్దున్నే కానాడుకాత్తాన్ వెళ్లాం. మా డ్రైవరు కొన్నాళ్లు తిరుపతిలో పనిచేశాడట, తెలుగు బాగానే వచ్చు. ఆ ఊళ్లో వీధులు కొలబద్ద పెట్టి గీసినట్టుంటాయి. ఇల్లు ఈ వీధిలో మొదలై వెనక వీధిలో ముగుస్తుంది. నేను కాలేజీలో చదివేటప్పుడు చెన్నై దగ్గర దక్షిణచిత్రలో ఒక చెట్టినాడు ఇల్లు చూశాను. ఊరి నుంచి తీసుకొచ్చి తిరిగి నిలబెట్టారక్కడ. కానీ వీధికి వీధే అలాంటి ఇళ్లతో నిండి ఉంటే ఎలా ఉంటుందో అది చెప్పలేదు. సగం ఇళ్లకి తాళాలుంటే ఎలా ఉంటుందో అసలే చెప్పలేదు.

ఒక ఇంట్లోకి వాచ్‌మన్ రానిచ్చాడు. వీధి గుమ్మంలో నిలబడితే వరసగా గుమ్మాలు, వాటి చివర వెనక వీధి వెలుతురు చిన్న చుక్కలా కనిపించింది. ముందు తిణ్ణై. మన తిన్నె అనే మాటే. దాటితే నాలుగు పక్కలా స్తంభాలతో ‘వళవు’, అంటే మన మండువా. చుట్టూ గదులు. పెళ్లయిన ప్రతి కొడుక్కీ ఒక గది. భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానంతా అందులోనే. చూరు నీళ్లు మండువాలోకి దిగుతాయి. పెద్ద పెద్ద పాత్రల్లో పట్టుకోగా మిగిలింది కాలువలో పడి ఊరి చెరువుకి చేరేదట. గోడ మీద చెయ్యి వేస్తే పింగాణీ గిన్నెలా చల్లగా, నున్నగా తగిలింది. సున్నం పూతలు ఒకదాని మీద ఒకటి వేసి, చివరి పూతలో కోడిగుడ్ల తెల్లసొన కలిపి, రాతితో నూరి నిగ్గు తేల్చిన గోడలవి. ఏటా రంగులు వెయ్యక్కర్లేదు, తడిగుడ్డతో తుడుచుకోవడమే. మేం మూడేళ్ల గ్యారంటీ ఇచ్చే పెయింట్లు గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది.

వెనక భాగంలో ఒక పెద్దావిడ ఉంటున్నారు. చెట్టియార్ల ఇంటి ఆడవాళ్లని గౌరవంగా ‘ఆచ్చి’ అంటారు. అంత ఇంట్లో ఆవిడ వాడేది రెండు గదులు. మిగతావాటి తాళాలు చెన్నైలో, మలేసియాలో ఉన్న దాయాదుల దగ్గరున్నాయట. పెళ్లికో, షష్టిపూర్తికో అందరూ వస్తారు. రెండు రోజులు ఇల్లు ఆకులు పట్టనంతగా నిండుతుంది. మళ్లీ తాళాలు.

‘‘మీ ఊళ్లో ఇల్లుందా?’’ అని అడిగారు, డ్రైవరు చెప్పాడు.

‘‘ఉందండీ. మండువా ఇల్లే. ఇంత పెద్దది కాదు.’’

‘‘ఎవరు ఊడుస్తారు?’’

నాకు జవాబు తట్టలేదు. ఎంత పాతది, ఎంత ఖరీదు, ఎన్ని గదులు... ఇలాంటివి అందరూ అడుగుతారు. ఊడ్చే చీపురు సంగతి అడిగింది ఆవిడొక్కరే. నాయనమ్మ పోయాక బాబాయే ఊడుస్తున్నారు. డెబ్బై రెండేళ్లాయనకి.

చెట్టినాడు వైభవం తొంభై, వందేళ్లకి మించి నడవలేదు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి రావడంతో వ్యాపారాలు వదిలి వచ్చేశారు. 1948లో స్వతంత్ర బర్మా భూముల్ని జాతీయం చేసేసరికి అక్కడి ఆస్తులూ పోయాయి. ఇళ్లు మిగిలాయి. తరాలు మారేకొద్దీ ఒక్కో ఇంటికి పదులకొద్దీ వారసులు. ఒకరు బాగు చేయిద్దామంటే ఇంకొకరు డబ్బివ్వరు, ఒకరు అమ్ముదామంటే ఇంకొకరు సంతకం పెట్టరు. వానకి పెంకు జారుతుంది, దూలం నానుతుంది. చివరికి విప్పి అమ్మేస్తారు. 2014లో ఈ ఊళ్లు యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద తాత్కాలిక జాబితాకెక్కాయి. కొన్ని ఇళ్లు హోటళ్లయ్యాయి. కొత్తమంగళంలో శారదా విలాస్ అనే ఇంటిని ఇద్దరు ఫ్రెంచి ఆర్కిటెక్టులు బాగు చేయించి అతిథిగృహం చేశారు. అయితే అన్ని ఇళ్లూ హోటళ్లు కాలేవు కదా!

అద్దం మీద పోసే బండ

కారైక్కుడి నుంచి అరగంట దూరంలో ఆత్తంగుడి. మీరు ఇల్లు కట్టుకుంటుంటే తప్పకుండా చూడాల్సిన ఊరు. అక్కడి బండల్ని కొలిమిలో కాల్చరు, మిషన్లో నొక్కరు. ఇనుప చట్రంలో గాజుపలక పెడతారు. దాని మీద పువ్వు అచ్చు. అచ్చు గళ్లలోకి రంగు కలిపిన సిమెంటు జావని గరిటెతో పోస్తారు. ఎరుపు ఒక గడిలో, పసుపు ఒక గడిలో, దోసెపిండి పోసినంత అలవోకగా. అచ్చు తీసేస్తే రంగులు ఒకదాన్నొకటి తాకి నిలుస్తాయి కానీ కలవవు. పైన పొడి ఇసుక, సిమెంటు చల్లి, ఆ మీద తడి గచ్చు వేసి సమం చేస్తారు. ఆరాక కొన్నాళ్లు నీళ్లలో నానబెడతారు. అప్పుడు గాజుపలక దానంతటదే విడివడి, దాన్ని ఆనుకున్న వైపు నున్నగా మెరుస్తూ బయటపడుతుంది.

ఇసుక అక్కడిదే కావాలంటారు. మా వాళ్లెవరైనా ఈ బండలు వేయించుకుంటామంటే రెండు మాటలు ముందే చెబుతాను. ఒకటి, యాసిడ్ పోసి కడగొద్దు, రంగు పోతుంది. రెండు, మొదట్లో మెరుపు తక్కువగా ఉందని గాభరా పడొద్దు, చెప్పుల్లేకుండా నడిచే కొద్దీ వస్తుంది. రెండో మాట వినగానే సగం మంది విట్రిఫైడ్ టైల్స్‌కి వెళ్లిపోతారు. అంత ఓపిక ఎవరికుంది?

గరిటె పట్టుకున్న ఆయన వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడట. ‘‘మీ అబ్బాయికి నేర్పుతున్నారా?’’ అన్నాను. వాడు కోయంబత్తూరులో కంప్యూటర్లు చదువుతున్నాడని నవ్వాడు. ఆ నవ్వులో బాధేం లేదు, గర్వమే ఉంది. మనకే ఏదో చివుక్కుమంటుంది. మధ్యాహ్నం అరిటాకులో వెళ్లై పణియారం, నల్ల బియ్యంతో చేసిన తీపి కవుని అరిసి తిన్నాం. కోడికూర జోలికి పోలేదు, ఆ వేళ మంగళవారం.

నూనె మరక

సాయంత్రం కారైక్కుడిలో మునీశ్వరన్ కోవిల్ వీధి. పాత సామాన్ల కొట్లన్నీ అక్కడే. ఎనామిల్ కంచాలు, బర్మా లక్క డబ్బాలు, రవివర్మ చిత్రాల పాత అచ్చులు, ఇత్తడి గంగాళాలు, ఎవరెవరివో పెళ్లి ఫొటోలు. మురిపించే వీధే, కాదనను. ఎన్నోసార్లు ఇక్కడి వస్తువులు తెప్పించి ఇళ్లు అలంకరించాను. కొనేటప్పుడెప్పుడూ ఇది ఏ ఇంట్లోదని అడగలేదు. పొద్దున ఆ ఇల్లు చూసి రాకపోతే ఇప్పుడూ అడిగేదాన్ని కాదేమో.

కొట్టు వెనక దొడ్లో స్తంభాలు వరసగా నిలబెట్టి, తాడుతో కట్టి ఉన్నాయి. నాకు కావలసిన కొలతవి దొరికాయి. పువ్వు చెక్కడం బాగుంది. గోరుతో గీకి, తట్టి చూశాను. పుచ్చు లేదు. ఒకదానికి మాత్రం కిందినుంచి రెండున్నర అడుగుల ఎత్తులో జానెడు మేర నల్లగా, జిడ్డుగా మరక ఉంది.

అదేమిటో చూడగానే తెలిసింది. నేల మీద కూర్చున్న మనిషి తల ఆనే చోటు. తలనూనె. ఏళ్లతరబడి ఎవరో రోజూ అక్కడే కూర్చుని ఆనుకున్నారు. మా ఇంట్లో మండువా పడమటి స్తంభానికీ అలాంటి మరకే ఉంది. తాతయ్యది. నాయనమ్మ కుంకుడు రసంతో రుద్దేది, పోయేది కాదు. ‘ఈయన పోయినా ఇది పోదు’ అని విసుక్కునేది. ఆయన పోయాక రుద్దడం మానేసింది.

‘‘అది సాండింగ్ చేస్తే పోతుంది మేడమ్’’ అన్నాడు కొట్టాయన, నేను బేరం కోసం వంక వెతుకుతున్నాననుకుని. డ్రైవరు తెలుగు చేసి చెబుతున్నాడు. ‘‘ఆంధ్రానా మీరు? అక్కడా మంచి టేకు ఇళ్లు ఉంటాయి కదా. ఏదైనా విప్పుతున్నారని తెలిస్తే ఒక్క ఫోన్ చెయ్యండి. కమిషన్ ఇస్తాం.’’

కార్డు చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. తీసుకోకుండా ఎలా ఉండగలను, ఈ వృత్తిలో ఉండి?

స్తంభాలు కొనలేదని రాస్తే బాగుండేది. కొన్నాను. ఆ ఇల్లు ఎప్పుడో పడిపోయింది. నేను వదిలేస్తే ఇంకొకరు ఏ రెస్టారెంటుకో పట్టుకెళతారు. అడ్వాన్సు ఇచ్చి, లారీ మాట్లాడి, మరక ఉన్న స్తంభానికి సుద్దతో గుర్తు పెట్టాను, దీన్ని సాండింగ్ చెయ్యొద్దని. మా క్లయింటు ఒప్పుకుంటారో లేదో మాత్రం తెలియదు. ఆవిడకి అన్నీ కొత్తవాటిలా మెరవాలి, పాతవైనా సరే.

వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడి బాబాయికి ఫోన్ చేశాను.

‘‘బాబాయ్, కలప ఆయన దగ్గర బయానా తీసుకున్నారా?’’

‘‘ఇంకా లేదమ్మా. నీ మాట కోసమే ఆగాను.’’

‘‘తీసుకోకండి. శనివారం వస్తున్నా. మా కార్పెంటర్‌నీ తీసుకొస్తా.’’

‘‘వచ్చి ఏం చేస్తావే?’’

ఏం చేస్తానో నాకూ పూర్తిగా తెలియదు. పెంకు నేయించడానికి ఎంతవుతుందో, అన్నయ్యకీ పెదనాన్న పిల్లలకీ ఏం చెప్పాలో, అసలు ఎవరు ఊడుస్తారో... ఏదీ తేలలేదు.

‘‘ముందు కొలతలు తీసుకుంటాను బాబాయ్’’ అన్నాను.

కాసేపు అటునుంచి మాట లేదు. ఫోన్ కట్టయిందనుకున్నాను.

‘‘అయితే వచ్చేటప్పుడు చెదల మందు పట్రా. ఇక్కడ దొరికేది పనిచెయ్యడం లేదు. పడమటి గది ద్వారబంధం నిండా పట్టేశాయి’’ అన్నారు.